పసుపు అంటని చీర

ఇంగ్లిషులో ‘ఎల్బో’ అంటే మోచేయి అనీ, దాన్నే క్రియగా వాడితే జనాన్ని పక్కకు నెట్టడమనీ ఆ ఉదయం ఆర్మూర్ బడిలో పిల్లలకు చెప్పాను. సాయంత్రం నిజామాబాద్ బస్సు రాగానే నేనూ అదే పని చేశాను. నా మోచేయి ఒక పెద్దామె పక్కటెముకలకు గట్టిగా తగిలింది. వెనక్కి చూడకుండా ఎక్కేశాను. అయినా సీటు దొరకలేదు.

ఆర్మూర్ దాటాక డ్రైవర్ బ్రేకు వేస్తే ముందుకు తూలిపోయాను. ఎవరిదో మోచేయి అడ్డొచ్చి నన్ను ఆపింది. చూస్తే ఆ పెద్దామే.

“మోచెయ్యి పట్టుకో బిడ్డా. పొద్దంత పసుపు కొమ్ములు ఏరినం. చేతులు తాకితే చెమటకు నీ చీర ఖరాబైతది.”

ఆమె ఒక మోచేతిని కడ్డీకి తగిలించి నిలబడింది. రెండోది నాకిచ్చింది. పచ్చని అరచేతులు రెండూ గాల్లోనే ఉన్నాయి.

“ఇందాక నా చెయ్యి తగిలిందా అమ్మా?”

“తగిలింది. బస్సంటే గట్లనే ఉంటది. జర గట్టిగ పట్టుకో.”

నిజామాబాద్ దాకా పట్టుకునే ఉన్నాను.

ఇంటికెళ్ళి దీపం కింద చీరంతా వెతికాను. ఎక్కడా మరక లేదు. ఒక్కటైనా ఉంటే బాగుండుననిపించింది.