సీమంతం చేసి మాన్పించిన ఉద్యోగం

ప్రసూతి సెలవు ఇరవై ఆరు వారాలకు పెరిగిన మరుసటి ఏడాది, అంటే 2018 వేసవిలో, నేను రాజమండ్రి పరిధికి సహాయ కార్మిక అధికారిగా బదిలీపై వచ్చాను. దుకాణాలు, చిన్న సంస్థలు మా తనిఖీ కిందికి వస్తాయి. ప్రసూతి ప్రయోజన చట్టం కింద నాకు ఇన్‌స్పెక్టర్ హోదా కూడా ఉండేది. ఫిర్యాదు వస్తే విచారించి ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఏడాది నా డైరీలో ఎక్కువ పేజీలు కడియం నర్సరీలవే.

సత్యవేణి అక్కడ ఒక పెద్ద నర్సరీ ఆఫీసులో పనిచేసేది. ఏ లారీకి ఏ మొక్కలు ఎక్కించాలో చూడడం, బయటి రాష్ట్రాల వ్యాపారులతో ఫోనులో హిందీలో మాట్లాడడం ఆమె పని. పురిటికి వెళ్లి, పాపకు మూడో నెల వచ్చాక, తిరిగి ఎప్పుడు చేరాలో కనుక్కుందామని వెళితే తన కుర్చీలో వేరే అమ్మాయి ఉంది. కావాలంటే కొత్తగా చేరమన్నారట. సెలవు జీతం మాటే ఎత్తలేదు. అక్కడినుంచి ఆమె పాపను ఎత్తుకుని నేరుగా మా ఆఫీసుకు వచ్చింది.

యజమాని సూరిబాబు గారికి నోటీసు అందిన సాయంత్రమే నా పై అధికారి ఫోన్ చేశారు. "పెద్దమనిషమ్మా, రాజీ చేసెయ్యండి" అన్నారు. ఉద్యోగం ఆమెది, దాన్ని రాజీలో వదులుకోవడానికి నేనెవరినని అడిగి, విచారణ తేదీ ఖాయం చేశాను. ఆయనకు కోపం వచ్చింది. రానిచ్చాను.

విచారణ రోజున సూరిబాబు గారు ఎంతో ధీమాగా వచ్చారు.

"తొమ్మిదో నెల రాగానే మా ఆఫీసులోనే సీమంతం చేశామండి. చీర పెట్టాం, మా ఆవిడ గాజులు తొడిగింది, మా కారులోనే పుట్టింట్లో దింపాం. నవ్వుకుంటూ వెళ్లిందండి. ఇంకా మాన్పించడం ఏంటండి? మీరూ ఆడవారే, మన పద్ధతులు మీకు తెలియనివా?"

"తెలుసు కాబట్టే అడుగుతున్నానండి," అన్నాను. మా అమ్మ కూడా నన్ను సీమంతం చేసే ద్రాక్షారామంలోని పుట్టింటికి తీసుకెళ్లింది. తిరిగి వచ్చేసరికి నా కుర్చీ నాకే ఉందని ఆయనకు గుర్తుచేశాను.

"మీది గవర్నమెంటు కదండీ!"

పదిమంది పనిచేసే దుకాణానికైనా ఈ చట్టం వర్తిస్తుందని, ప్రసవానికి ముందు ఏడాదిలో ఎనభై రోజులు పనిచేసిన స్త్రీకి హక్కు వస్తుందని, ఆ సెలవులో ఉండగా తొలగించడం నేరమని చెప్పాను. మాది తోట, దుకాణం కాదన్నారు. రోడ్డు మీద బోర్డు పెట్టి, బిల్లులు వేసి, లారీల్లో సరుకు పంపేది వ్యాపారమేనన్నాను. ఆమె కాగితం మీద సెలవు అడగలేదన్నారు. ముందుగా నోటీసు ఇవ్వనంత మాత్రాన హక్కు పోదని ఆ చట్టంలోనే ఉంది.

అప్పుడాయన సత్యవేణి వైపు చెయ్యి చూపించారు. "చూడండి, మేం పెట్టిన చీరే కట్టుకొచ్చింది!"

"మంచి చీరండి, ఎందుకు కట్టుకోను?" అంది సత్యవేణి. "పురిటికి పుట్టింటికెళ్లిన కోడలు తిరిగొస్తే, మళ్లీ పెళ్లి చేసుకుంటేనే గుమ్మంలోకి రానిస్తారా అండి మీ ఇంట్లో?"

మా గుమాస్తా నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. సూరిబాబు గారికి రోషం వచ్చింది. తన మంచితనం రుజువు చేయడానికి ఫోన్ తీసి ఫోటోలు ఒక్కొక్కటీ జరిపారు. "ఈవిడొక్కర్తికే కాదండి, అందరికీ ఇలాగే చేశాం. ఇదిగో దుర్గ, ఇదిగో మంగ..."

"వీళ్లంతా ఇప్పుడు మీ దగ్గరే పనిచేస్తున్నారా?" అని అడిగాను.

ఆయన ఫోన్ చప్పున జేబులో పెట్టేసుకున్నారు.

సత్యవేణి ఉద్యోగం పాత సర్వీసుతో కొనసాగాలని, సెలవు కాలానికి జీతం చెల్లించాలని ఉత్తర్వు ఇచ్చాను. అప్పీలుకు వెళతానన్నారు. గడువు ఉత్తర్వులోనే రాశాను, వెళ్లమన్నాను. వెళ్లలేదు. మిగిలిన సెలవు పూర్తిగా వాడుకున్నాకే సత్యవేణి పనిలో చేరింది. ఫోటోల్లోని మిగతావాళ్లకు కబురు పెట్టాను. మంగ వచ్చి ఫిర్యాదు ఇచ్చింది. దుర్గను భర్త రానివ్వలేదు.

మరుసటి ఏడాది తనిఖీకి వెళ్లినప్పుడు అక్కడ సీమంతాలు మానేశారని తెలిసింది. "నీ మూలాన మాకు చీరలు పోయాయే," అని ఒకావిడ నా ముందే సత్యవేణిని దెప్పింది. "సెలవులోనూ జీతం వస్తోందిగా వదినా, నచ్చిన రంగు నువ్వే కొనుక్కో," అంది సత్యవేణి, లారీవాడి ఫోన్ ఎత్తుతూ.

ఈ కేసు నా తనిఖీ పద్ధతిని మార్చింది. గర్భిణులను ఎవరినైనా మాన్పించారా అని అడిగితే ఏ యజమానీ ఔననడు. అందుకని రిటైరయ్యే దాకా, ఏ సంస్థకు వెళ్లినా, ఈ ఏడాది ఎవరెవరికి సీమంతం చేశారని మొదట అడిగేదాన్ని. గర్వంగా పేర్లన్నీ చెప్పేవారు. నేను రాసుకుని, వాళ్లను పిలవండి, మాట్లాడాలి అనేదాన్ని.