బెజ్జాల బావ

మా బావ చేతికి అందిన ప్రతి వస్తువుకూ బెజ్జం పెడతాడు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. తాగడు, పేకాడడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. చేతిలో డ్రిల్లు ఉంటే మాత్రం ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఇందులో విడ్డూరం ఏమిటంటే, ఆయన పళ్ళ డాక్టరు. పగలంతా జనం పళ్ళకు పడ్డ బెజ్జాలు పూడ్చి, సాయంత్రం ఇంటికొచ్చి ఇంట్లో సామాన్లకు కొత్త బెజ్జాలు పెడతాడు.

"ఎందుకు బావా ఈ పని?" అంటే ఎప్పుడూ ఒకటే సమాధానం.

"బరువు తగ్గుతుందిరా."

బరువు అంటే సైకిలు బరువు. సైకిలుతో పాటు వెళ్ళే ప్రతిదాని బరువూ. తాళంచెవులు జేబులో ఉంటాయి కాబట్టి వాటికి బెజ్జాలు. బెల్టు నడుముకు ఉంటుంది కాబట్టి దానికి అవసరమైన వాటికంటే ఎక్కువ బెజ్జాలు. దువ్వెన వెన్ను పొడుగునా వరసగా బెజ్జాలు. ఒకరోజు చూద్దును కదా, బాత్‌రూములో టూత్‌బ్రష్ పిడి సగానికి తెగి ఉంది. ఉన్న సగానికీ బెజ్జం.

"పళ్ళు తోముకుంటూ సైకిలు తొక్కుతావా ఏంటి?"

"అలా కాదురా. చేతికి తేలిక అలవాటు కావాలి."

మీకు చెప్పలేదు కదూ, నేను ఆయన బావమరిదిని. వాళ్ళ మేడ మీద గదిలో అద్దెకు ఉంటాను, కింద మా అక్క చేతి భోజనం తింటాను. అందువల్ల ఈ బెజ్జాల తాలూకు కష్టాలన్నీ నాకూ వాటాకొస్తాయి. ఒకసారి డ్రిల్లుకు కొత్త మొన తగిలించి, అదెలా తిరుగుతుందో చూద్దామని మా అక్క గరిటె మీద పరీక్ష పెట్టాడు మహానుభావుడు. ఆ రోజు కూర వడ్డిస్తుంటే ముక్కలు నా కంచంలోకీ, నీళ్ళు నా ఒళ్ళోకీ వచ్చాయి.

"ఏమండీ, గరిటె కూడా సైకిలెక్కుతుందా?" అంది అక్క.

"అది ప్రాక్టీసుకే," అన్నాడు బావ, సిగ్గుపడుతూ.

ఈ పిచ్చికి మూలం ఏటా జరిగే ఒక సైకిలు పందెం. ఊరి బయట కొండల్లోకి కంకర రోడ్డు ఒకటి పోతుంది. పొద్దున్నే దాని మీద బయల్దేరి, కొండలన్నీ చుట్టి, సాయంత్రం బయల్దేరిన చోట గేటు మూసేలోగా తిరిగి రావాలి. రాలేనివాళ్ళను వెనకాలే ఒక వ్యాను ఎక్కించుకొస్తుంది. మా బావ వరసగా మూడేళ్ళు ఆ పందేనికి వెళ్ళాడు. మూడేళ్ళూ వ్యాన్‌లోనే తిరిగొచ్చాడు.

నేను ఊరుకుంటానా? "బావా, ఆ వ్యాన్‌లో కిటికీ పక్క సీటు నీ పేరున రాయించేద్దామా?" అని ఏడాది పొడుగునా ఏడిపించేవాణ్ణి. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది. మనం ఏడిపిస్తే ఎదుటివాడు ఉడుక్కోవాలి, లేకపోతే ఏడిపించిన సరదా ఏముంది?

మా అక్క మాత్రం నవ్వలేదు. మూడో ఏడు బావ ఎండకు కమిలిపోయి వ్యాన్ దిగుతుంటే చూసి, ఇంటికొచ్చాక ఒకే మాట చెప్పింది. "ప్రతి ఏడూ ఆ తలుపు తీయడం, అందులోంచి మీరు దిగడం, నేను చూడలేనండీ. ఇంకొక్క ఏడాది. ఈసారి కూడా వ్యాన్‌లో వచ్చారో, ఆ సైకిల్ని పాతసామాన్లవాడికి ఇచ్చేస్తాను. ఇక పందేలూ లేవు, బెజ్జాలూ లేవు."

మా అక్క మాట అన్నదంటే అన్నట్టే. ఆ సంగతి నాకంటే బావకు బాగా తెలుసు. అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు.

ఆ సైకిలు కొండలెక్కే రకం. లావు టైర్లు, ముందు స్ప్రింగుల ఫోర్కు, అడ్డంగా ఇంత పొడుగు హ్యాండిలు. రాళ్ళూ రప్పలూ దూకడానికి బాగుంటుంది గానీ, కంకర రోడ్డు మీద పరుగుకు పనికిరాదు. చూడి గేదె నడిచినట్టు నడుస్తుంది.

"కొత్తది కొనుక్కోరాదూ?" అన్నాను.

"ఫ్రేము గట్టిదిరా. గట్టి పన్ను పీకి కట్టుడుపన్ను పెడతామా? తప్పు. ఉన్నదాన్నే బాగుచేసుకోవాలి. దీన్ని పందెం సైకిలు చేస్తాను చూడు."

క్లినిక్ వెనక గదిలో వైద్యం మొదలైంది. పేషెంట్లు వెళ్ళిపోగానే సైకిల్ని స్టాండుకు బిగించి, పళ్ళు చూసే పెద్ద లైటు దాని మీదకు తిప్పి, మూతికి గుడ్డ కట్టుకుని పని చేసేవాడు. నోట్లో పెట్టి చూసే బుల్లి అద్దంతో ఫ్రేము సందుల్లో పగుళ్ళు వెతికేవాడు. ఒకసారి పంటినొప్పితో ఆలస్యంగా వచ్చిన పెద్దాయన ఒకాయన తలుపు సందులోంచి ఇది చూసి, నొప్పి తగ్గిందని చెప్పి వెళ్ళిపోయాడు.

ముందు స్ప్రింగుల ఫోర్కు పీకేశాడు. దాని బరువే బరువు మరి. దాని చోట సన్నటి మామూలు ఫోర్కు ఒకటి తెచ్చి బిగించాడు. "ఎక్కి చూడరా" అన్నాడు. ఎక్కాను. ఎక్కినవాణ్ణి ఎక్కినట్టే సీటు మీంచి జారి హ్యాండిలు మీదికొచ్చి పడ్డాను. సైకిలు ముక్కు నేలకు రాస్తోంది.

బావ కాస్త దూరం నడిచి, తల పక్కకు వంచి చూశాడు. "కొరుకు కుదర్లేదు," అన్నాడు, పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలవని నోటిని చూసినట్టు.

"నా పన్ను విరిగేది! కొరుకట, కొరుకు!"

తేలిందేమిటంటే, ఆ ఫ్రేము పొడుగు కాళ్ళ స్ప్రింగుల ఫోర్కుకు తగ్గట్టు పుట్టింది. దానికి పొట్టి కాళ్ళ ఫోర్కు తగిలిస్తే తల వంచేస్తుంది. స్ప్రింగులు లేకపోయినా కాళ్ళు పొడుగ్గా ఉన్న ఫోర్కు కావాలి. అలాంటిది వెతికి తెచ్చేసరికి ఆయన తలప్రాణం తోకకొచ్చింది. ఆ తర్వాత పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు పెట్టాడు. అది మరీ ముందుకు పోయి, తొక్కితే ఈత కొడుతున్నట్టుంది. దాన్ని పట్టుకునే మెడను విప్పేసి పొట్టి మెడ వేశాడు. కొత్త హ్యాండిలుకు పాత బ్రేకులు కుదరక వాటినీ మార్చాడు. ముందున్న మూడు పళ్ళచక్రాల్లో రెండు తీసేసి ఒకటే ఉంచాడు. "అవసరం లేని పళ్ళు తీసేస్తేనే నోటికి సుఖం," అన్నాడు. లావు టైర్లు పోయి సన్నవి వచ్చాయి.

ఆ తర్వాత బెజ్జాలు. సీసా తగిలించే పట్టీకి బెజ్జాలు, సీటు కింద గొట్టానికి బెజ్జాలు, ఆఖరికి సీటుకే బెజ్జాలు. బలం ఉండాల్సిన చోట మాత్రం ఒక్కటీ పెట్టలేదు. అందులో డాక్టరుగారు చాలా జాగ్రత్త మనిషి. తీసిన ప్రతి ముక్కనూ, రాలిన ప్రతి రజనునూ మా అక్క వంటింటి త్రాసులో వేసి చూసి, మురిసిపోయేవాడు. పందెం నాటికి సైకిల్ని వేలితో ఎత్తి చూపించాడు. నాకు నిజంగా ముచ్చటేసింది. పైకి మాత్రం, "గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోతుందేమో, దారం కట్టుకో" అన్నాను.

పందెం రోజున మా అక్క నాకూ ఒక పని అంటగట్టింది. "ఒరేయ్, వ్యాన్ నడపడానికి మనిషి కావాలట. నువ్వు వెళ్ళు. ఆయనకేమన్నా అయితే పక్కన నువ్వుంటావు. నేను గేటు దగ్గరుంటాను."

నా పని తేలికే. అందరికంటే వెనకున్న మనిషి వెనకాల మెల్లగా పోవడం, ఆగిపోయినవాళ్ళను ఎక్కించుకోవడం. బావ మొదట్లో బాణంలా పోయాడు. నా కళ్ళతో నేను చూశాను. ముందున్న గుంపులో కలిసిపోయి మలుపు తిరిగాడు. "ఈసారి కొట్టేశాడు!" అని స్టీరింగు మీద ఒక్క గుద్దు గుద్దాను.

మొదటి కొండ ఎక్కేసరికి రోడ్డు పక్కన ఎవరో సైకిల్ని తలకిందులు చేసి కూర్చున్నారు. దగ్గరికెళ్ళి చూస్తే ఇద్దరు. ఒకడు చక్రం పట్టుకున్న కుర్రాడు, బ్యాంకులో గుమాస్తా. ఇంకొకరు మా బావ. పంక్చరు వేస్తున్నాడు.

"నీకేం పని ఇక్కడ?" అని అరిచాను.

"రెండు నిమిషాలురా. అయిపోయింది."

గుమాస్తా వెళ్ళిపోయాడు. బావ కూడా సైకిలెక్కబోతూ తన సంచి అందివ్వమన్నాడు. ఎత్తబోయాను. నడుం పట్టేసింది. విప్పి చూద్దును కదా, లోపల ట్యూబులు, పంపు, చెయిన్ ముక్కలు, బ్రేకు తీగలు, రెంచీలు, ఒక టైరు మడత. చిన్నపాటి షాపు.

"ఇదేంటి బావా! ఏడాదంతా రజను రజనుగా తగ్గించిన బరువంతా ఈ సంచిలో ఉంది!"

"ఉంటుంది మరి. అందుకే కదరా తగ్గించింది."

ఆయనే చెప్పాడు, సంచి వీపుకు తగిలించుకుంటూ, ఏదో టమాటాలు కొనుక్కొచ్చిన సంగతి చెప్పినట్టు. మొదటి ఏడాది ఒకాయనకు చెయిన్ తెగిందట. ఈయన దగ్గర ఏమీ లేదు. వ్యాను వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది, ఆ ఎండలో మనిషిని ఒక్కణ్ణీ ఎలా వదిలేస్తాం అని పక్కనే కూర్చున్నాడట. రెండో ఏడు ఇంకెవరో. మూడో ఏడు ఇంకెవరో. "సామాను మోసుకుంటే వాళ్ళనీ పంపించొచ్చు, నేనూ పోవచ్చు. కానీ ఆ సైకిలు మీద అంత బరువు లాగలేకపోయేవాణ్ణి," అన్నాడు.

మూడేళ్ళు నేను వేసిన జోకులన్నీ గుర్తొచ్చాయి. "ఈ మాట ఇంట్లో చెప్పొచ్చుగా!" అన్నాను కోపంగా. తప్పు మనదైనప్పుడు కోపం త్వరగా వస్తుంది.

"మీ అక్క పంపదురా. అందరికీ మీరే దొరికారా అంటుంది."

అని వెళ్ళిపోయాడు. దారిలో ఇంకోసారి కనపడ్డాడు, ఎవరిదో చెయిన్ అతుకుతూ. వ్యాను అందుకున్న మనిషిని ఎక్కించుకోవాలని నియమం. నేను దిగి టైర్లలో గాలి చూశాను, అద్దం తుడిచాను, ఎవరూ లేని రోడ్డు మీద హారను బాగా మోగుతోందో లేదో చూశాను. ఈలోగా ఇద్దరూ పోయారు. అయినా టైముంది. ఇంకొక్క కొండ దాటితే అంతా దిగుడే.

ఆ కొండ నెత్తిన, లైబ్రరీలో పుస్తకాలిచ్చే ఆవిడ రోడ్డు మీద కూర్చుని ఉంది, పక్కన మా బావ. రాయికి కొట్టుకుని ముందు చక్రం అప్పడంలా వంకరపోయింది. ఆవిడకు దెబ్బలేం తగల్లేదు. ఏడవడం కూడా లేదు. ఆ చక్రం వైపే చూస్తోంది. "రెండేళ్ళుగా దీనికోసం తయారవుతున్నానండీ," అంది, ఎవరూ అడక్కుండానే.

బావ సంచిలో చక్రం లేదు. ఆయన వంకర చక్రాన్ని చూశాడు, దిగుడు రోడ్డును చూశాడు, తన సైకిల్ని చూశాడు. రెండు సైకిళ్ళ చక్రాలదీ ఒకటే కొలత.

"వద్దు బావా. అక్క ఏమందో గుర్తుందా?"

"గుర్తుందిరా." అప్పటికే వంగి తన ముందు చక్రం విప్పుతున్నాడు.

"బుద్ధుందా నీకు? ఇక్కణ్ణుంచి అంతా దిగుడు! కళ్ళు మూసుకున్నా గేటు అందుకుంటావు!"

"అయితే ఆవిడా అందుకుంటుంది," అన్నాడు బావ.

అందుకుంది. మేం వ్యాన్‌లో వెళ్ళేసరికి ఆవిడ గేటు లోపల నిలబడి నీళ్ళు తాగుతోంది. బయట మా అక్క. నేను తలుపు తియ్యడానికి భయపడి కూర్చుంటే, బావే తీసుకుని దిగాడు. అక్క ఆయన మొహం చూసి, తల తిప్పుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

నేను వెనక నుంచి సైకిలు దించాను. ముందు చక్రం లేని ఆ సైకిల్ని చూసి అక్క కనుబొమలు ముడిచింది. "ఆ చక్రమేదండీ?"

"ఇదిగోనండీ, నా దగ్గరుంది," అంటూ లైబ్రరీ ఆవిడ పరిగెత్తుకొచ్చింది. ఆవిడ వెనకాల పంక్చరు గుమాస్తా. ఆ వెనక ఇందాక దారిలో చెయిన్ అతికించుకున్నాయన. ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. గుంపులోంచి నెరిసిన మీసాలాయన ఒకాయన ముందుకొచ్చి, "మొదటేడు ఈయన నాకోసం ఎండలో కూర్చున్నారమ్మా," అన్నాడు.

అక్క అందరి మాటా విన్నది. బావ వైపు తిరిగింది.

"మూడేళ్ళూ ఇదేనా?"

బావ పట్టుబడ్డ దొంగలా బుర్ర గోక్కున్నాడు. "చెప్తే పంపవని..."

అక్క లైబ్రరీ ఆవిడతో, "చక్రం నిదానంగా రేపు తెచ్చివ్వండి, ఇప్పుడిచ్చేస్తే మీరు ఇంటికెలా పోతారు?" అంది. ఆ తర్వాత కొంగు నడుముకు దోపుకుని, చక్రం లేని వైపున ఫోర్కు రెండు కాళ్ళూ పట్టుకుని పైకెత్తింది. "వెనక మీరు పట్టుకోండి," అంది బావతో.

నేను ఉండబట్టలేక, "అక్కా, పాతసామాన్ల కొట్టు ఆ పక్క కదా?" అన్నాను.

"నోర్మూసుకోరా. ఇల్లు ఈ పక్క."

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ముందు అక్క ఫోర్కు మోస్తోంది, వెనక బావ తోస్తున్నాడు. వ్యాన్ అప్పజెప్పి నేను వాళ్ళను అందుకునేసరికి బావ భయంభయంగా అడుగుతున్నాడు.

"బరువుగా ఉందా?"

"లేదు," అంది అక్క. "నడవండి."