మైకమ్మ పన్ను

బస్ స్టేషన్‌లో ఆమె అసలు పేరు ఎవరూ వాడేవాళ్లు కాదు. డ్రైవర్లు, కండక్టర్లు, టీ అమ్మేవాళ్లు అందరికీ ఆమె మైకమ్మే. విచారణ కౌంటర్ వెనక అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. చెవులు సరిగా వినపడని ముసలివాళ్లకు కూడా రెండోసారి అడిగే పని ఉండేది కాదు. బస్సు బాగా ఆలస్యమని చెప్పినా, ఆమె నోటి వెంట వస్తే జనానికి తిట్టబుద్ధయ్యేది కాదు. "ఎంత చల్లగా చెప్తుందో, ఏం చేస్తాం" అనుకుంటూ మళ్లీ మూటల మీద చతికిలబడేవాళ్లు.

భర్త పక్కనే డిపోలో మెకానిక్. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండే మనిషి. పిల్లలు లేరు. సాయంత్రం ఇల్లు చేరాక ఆమె చెబుతూ ఉండేది, అతను వింటూ ఉండేవాడు. "రోజంతా వాగి వస్తావు, ఇంకా ఓపిక ఎక్కడిదే?" అని పక్కింటి పిన్ని అడిగితే, "అక్కడ బస్సుల మాటలు పిన్నీ, నా మాటలు ఇక్కడే కదా" అని నవ్వేది.

ఆమెకు కింది దవడలో చివరి పన్ను చాలాకాలంగా సలుపుతూ ఉంది. లవంగం నొక్కిపెట్టి నెట్టుకొచ్చింది. ఒకరోజు మైకు ముందు ఊరి పేరు సగంలో ఉండగా పోటు వచ్చి మాట ఆగిపోయింది. ఆ సాయంత్రమే భర్తతో వెళ్లి పీకించుకుంది. ఎముకలోకి వంకరగా దిగిన పన్ను. ఒక పట్టాన ఊడిరాలేదు.

"గట్టిగా పుక్కిలించకండి. నాలుగు రోజులు ఎక్కువ మాట్లాడకండి. మాత్రలు మధ్యలో మానొద్దు. వాపు పెరిగితే వెంటనే రండి" అన్నాడు పళ్ల డాక్టరు.

నోట్లో దూదితోనే ఆమె భర్త వైపు చూసి కళ్లతో నవ్వింది. మాట్లాడొద్దట, తనను.

అవి సెలవుల రోజులు. స్టేషన్‌లో కాలు పెట్టే చోటు లేదు. మైకు పని తెలిసిన రెండో ఆమె పురిటికి వెళ్లింది. మర్నాడే మైకమ్మ పనిలోకి వెళ్లి రోజంతా మాట్లాడింది. పన్ను ఊడిన గుంటలో గడ్డకట్టిన రక్తం ఎప్పుడు ఊడిపోయిందో ఆమెకే తెలియలేదు. నొప్పి చెవిలోకి పాకింది. నోరు వాసన వేస్తోందని తనకే తెలిసి, ఎవరైనా గదిలోకి వస్తే మొహం పక్కకు తిప్పుకునేది. మాత్రలకు కడుపులో తిప్పుతుంటే, కాస్త నెమ్మదించగానే మానేసింది.

అప్పుడు మొదలైంది వాపు.

"డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాడు భర్త.

"ఈ రద్దీ తగ్గనివ్వండి. రేపో ఎల్లుండో సెలవు పెడతాలెండి."

మరుసటి సాయంత్రం ఆమె మంచం పట్టె పట్టుకుని మూలుగుతుంటే అతను చూడలేకపోయాడు. ఎంత మొండి ఇంజనైనా అతని చేతిలో పడితే దారికి వచ్చేది. ఇక్కడ మాత్రం ఆ చేతులకు ఏం చేయాలో తోచలేదు. ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టమని పిన్ని చెప్పింది. అతను స్టవ్ వెలిగించి, ఉప్పు వేడిచేసి, గుడ్డలో కట్టి, ముందు తన మణికట్టుకు ఆనించి చూసుకుని, ఆమె చెంప మీద మెల్లగా పెట్టాడు.

"హాయిగా ఉందండీ" అంది. అలాగే నిద్రపోయింది. మూట చల్లారినప్పుడల్లా వేడి చేసుకొచ్చి పెడుతూ, అతను పక్కనే కూర్చున్నాడు.

తెల్లారేసరికి వాపు దవడ దాటి మెడలోకి దిగింది. ఒళ్లు కాలిపోతోంది. నోరు చెంచా కూడా పట్టనంతగా బిగుసుకుపోయింది. మంచినీళ్లు గుటక వేయబోతే గొంతు దిగడం లేదు. అతను ఆటో పిలిచి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు.

అక్కడి డాక్టరమ్మ మెడ నొక్కి చూసింది. చెంప మీద కమిలిన చర్మం చూసి అడిగింది.

"వేడి కాపడం పెట్టారా? ఇన్ఫెక్షన్ ఉన్నచోట వేడి తగలకూడదు. ఎవరు పెట్టారిది?"

అతను నోరు తెరవబోయాడు. ఈలోగానే ఆమె మంచం మీద నుంచి చెయ్యెత్తి, వేలితో తన గుండె మీద తట్టుకుంది. నేనే, అన్నట్టు. అసలు కారణం అదొక్కటే కాదనీ, మాత్రలు మానడం, ఆలస్యంగా రావడం ముఖ్యమనీ డాక్టరమ్మ తర్వాత అతనికి విడిగా చెప్పింది. ఆ మాటలు అతని చెవికెక్కలేదు.

మెడ కింద కోసి చీము తీశారు. జ్వరం తగ్గింది గాని ఇన్ఫెక్షన్ ఎముకలోకి పాకింది. ఇంకోసారి దవడ తెరిచి, కుళ్లిన ఎముకను గీకేశారు. దాంతోపాటు కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం కూడా పోయింది.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆమెకు మాట లేదు. ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అతను మాట్లాడడం మొదలుపెట్టాడు. ఏం మాట్లాడాలో తెలియక గేరుబాక్సుల గురించి చెప్పేవాడు. ఏ బస్సుకు బ్రేకులు పట్టడం లేదో, ఏ డ్రైవరు క్లచ్ అరగదీశాడో చెబుతూ జావ పట్టించేవాడు. పక్క మంచం ముసలావిడ వినీ వినీ, "ఇంకో వారం ఉంటే నేను కూడా బస్సు బాగుచేస్తానయ్యా" అంది. మైకమ్మ నవ్వబోతే కుట్లు లాగి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంటికొచ్చి కోలుకున్నాక పనిలోకి వెళ్లింది. స్టేషన్ మేనేజరు మంచివాడు. ఆ కుర్చీ ఆమె కోసం అట్టే పెట్టాడు. ఆమె మైకు బటన్ నొక్కి, రాబోయే బస్సు గురించి చెప్పింది. కింది పెదవి ఒకవైపు మొద్దుబారిపోవడంతో ప, బ, మ పలికేటప్పుడు గాలి పక్కనుంచి జారిపోతోంది. కాసేపటికి కౌంటర్ దగ్గర జనం గుమిగూడారు.

"ఏం చెప్పిందండీ ఆవిడ? ఏ ఊరు బస్సు?"

అద్దంలోంచి ఆమెకు అంతా కనిపిస్తోంది, వినిపిస్తోంది. మళ్లీ చెప్పింది, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి. ఒక తల్లి చంటిపిల్లను ఎత్తుకుని తప్పుడు ప్లాట్‌ఫారం వైపు పరిగెత్తడం చూసింది. మైకు ఆపేసి, బయటికొచ్చి, ఆ తల్లిని పిలుచుకొచ్చి బస్సెక్కించింది. అటునుంచి అటే మేనేజరు గదికి వెళ్లింది.

"నన్ను వేరే చోట వేయండి సార్" అంది.

ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లు దాచే గదిలో వేశారు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు. అక్కడ ఎక్కువ మాట్లాడే పని లేదు. పాతవాళ్లు ఇంకా మైకమ్మా అనే పిలిచేవాళ్లు. పిలిచాక నాలిక కరుచుకునేవాళ్లు.

ఉప్పు మూట సంగతి ఇద్దరూ ఎత్తలేదు. అతను రిటైరయ్యాక, ఒక మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని ఉండగా, ఉన్నట్టుండి అన్నాడు.

"ఆ రోజు కాపడం నేను పెట్టకపోయుంటే..."

ఆమె అతని పక్కకు జరిగి కూర్చుంది.

"అన్ని రోజుల్లోనూ నాకు కంటిమీద కునుకు పట్టింది ఆ పూటే" అంది.

ఆ మాటతో అతని బరువు దిగిందో లేదో ఆమెకు తెలియలేదు. అతను లేచి లోపలికి వెళ్లి మొహం కడుక్కున్నాడు. ఆ ఏడాది తిరక్కుండానే గుండెపోటుతో పోయాడు.

మొద్దుబారిన గడ్డం మీద టీ కారినా, మెతుకు అంటుకున్నా ఆమెకు తెలియదు. అతను ఉన్నప్పుడు నలుగురిలో పైకి చెప్పకుండా, తన గడ్డాన్నే వేలితో తాకి చూపేవాడు. ఆమె తుడుచుకునేది. ఇప్పుడు తినేటప్పుడు ఒళ్లో తువాలు పెట్టుకుంటుంది. ముద్దముద్దకూ తుడుచుకుంటుంది, తడి ఉన్నా లేకపోయినా.