ఓదెమ్మ జడలు

ఓదెమ్మ జడలు కత్తిరించబోతే ఎల్లమ్మతల్లి కొట్టిందని, మొగుడు సాంబయ్య చెయ్యి అందుకే విరిగిందని ఖిలా వరంగల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉత్త మాట. ఇద్దరూ పోయారు గనుక నిజం చెప్పొచ్చు: విరిగింది రోకలి దెబ్బకు.

ఓదెమ్మ కూలికి కారం దంచేది. పదేళ్లు సాంబయ్య ఆమెను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చి తన్నాడు. పంతొమ్మిది వందల అరవైలో ఒకనాడు ఇంత కుచ్చు చర్మంతో సహా ఊడొచ్చింది. ఆ పుండు మానేదాకా ఆమె దువ్వెన ముట్టలేదు, మానినాకా ముట్టలేదు. చిక్కులుపడి ఏడు జడలు కట్టాయి. ప్రతి శుక్రవారం కుంకుడు రసంతో రుద్ది, బట్టలా పిండి, ఎండకు ఆరబెట్టి, పసుపు కలిపిన నూనెతో ఒక్కొక్కటే తాడులా పేనేది. ఆ జడల్లోకి ఎల్లమ్మతల్లి దిగిందని జనం మొక్కసాగారు. ఆ భయానికి సాంబయ్య చేతులు రెండేళ్లు ముడుచుకున్నాయి.

ఒక మధ్యాహ్నం తాగి, గొర్రెల బొచ్చు కోసే కత్తెరతో వచ్చాడు. “తల్లి లేదు గిల్లి లేదు, ఇయ్యాల గొరిగి పారేస్త” అంటూ దంచుతున్న ఆమె జడను వెనకనుంచి గుంజాడు. జడల్లో పేరుకున్న కారమంతా అతని కళ్లల్లోకి ఎగిరింది. గుడ్డివాడిలా తడుముతున్న చేతి మీద ఓదెమ్మ రోకలి దించింది. ఎముక పటుక్కుమంది. కత్తెర పడినా ఇంకోటి వేసింది.

గోడ మీంచి అంతా చూసిన పక్కింటి బుచ్చమ్మ, సాంబయ్యను దవాఖానకు తీసుకుపోగానే వచ్చి నిలదీసింది. “కొట్టింది నువ్వాయె. తల్లి కొట్టిందని వాడు మొత్తుకుంటే తలూపుతవేందే?”

ఓదెమ్మ జల్లెడ ఆపలేదు. “నేను కొట్టిన్నంటే రేపు తమ్ముళ్లను తోలుకొని వస్తడక్కా. తల్లి కొట్టిందంటే రాడు.”