చెవికీ వెన్నుపూసకీ ఏం సంబంధం: టౌరంగాలో ఒక శనివారం

మే 9, శనివారం. ఏడులోపు అయిన పనులు: ఒక మెషిన్ బట్టలు ఉతికి ఆరేయడం, ఇంట్లోవాళ్లకి రెండు పూటలకీ పప్పు, బెండకాయ వేపుడు, టౌరంగాలో ఉండే అన్నయ్యవాళ్లకి డబ్బా నిండా కారప్పూస. కాని పనులు: ఇస్త్రీ, మా అన్నయ్యకి నచ్చజెప్పడం.

అన్నయ్య భార్య, మా వదిన, టౌరంగాలో కివీపండ్ల ప్యాక్‌హౌస్‌లో, పండ్లు ఏరే గ్రేడింగ్ లైన్ మీద పనిచేస్తుంది. ఏడాదిగా ఆమెకి వినికిడి తగ్గుతోంది. పోయిన వారం వెనక్కి వస్తున్న ఫోర్క్‌లిఫ్ట్ చప్పుడు వినపడక దాని చక్రాల దగ్గరికి నడిచింది. చెవుల పరీక్ష చేయించుకుని రిపోర్టు తెచ్చేదాకా లైన్ మీదికి రావద్దని సూపర్‌వైజర్ చెప్పేసింది. సీజన్ ఇంకో నెల ఉంటుందేమో, అది పోతే మళ్లీ వచ్చే ఏడాదే. ఈ శనివారం మూడున్నరకి పరీక్షకి టైమ్ దొరికింది. దాన్ని రద్దు చేస్తానంటోంది వదిన. వాళ్లింటి దగ్గర కైరోప్రాక్టిక్ క్లినిక్, అంటే వెన్నుపూసలు చేత్తో నొక్కి సరిచేసే చోటు, ఉంది. ఈ వైద్యం చేయించుకున్న మొట్టమొదటి పేషెంట్ చెవిటివాడనీ, వెన్నుపూస సరిచేస్తే వినపడిందనీ అక్కడి గోడ మీద రాసి ఉందట. అదే రోజు ఒంటిగంటకి ఆ చరిత్ర మీద ఉచిత ప్రసంగం కూడా ఉంది.

ఆ ప్రసంగానికి నేను వెళ్తున్నానని చెబితే అన్నయ్య ఫోన్‌లో నవ్వాడు. "నువ్వేమన్నా డాక్టరువా?" అన్నాడు.

"కాదు. అందుకే అడగడానికి వెళ్తున్నా," అన్నాను.

మేముండే పాపటోయిటోయి నుంచి మనుకావ్ బస్ స్టేషన్‌కి మావారు దింపారు. కోచ్ ఎనిమిదింటికి. టికెట్ వారం ముందు తీసుకుంటే ముప్పై డాలర్ల లోపే, ముందురోజు తీసుకున్న నాకు అంతకంటే ఎక్కువైంది. బొంబాయి హిల్స్ అని ఇక్కడా కొండలున్నాయి, అవి దాటాక బస్సు తూర్పుకి తిరిగి, కరంగహాకే లోయలో ఏటి పక్కనే మెలికలు తిరుగుతూ వెళ్తుంది. వాంతుల భయం ఉన్నవాళ్లు ముందు సీట్లలో కూర్చోవాలి.

దారంతా ఫోన్‌లో ఆ చరిత్రే చదివాను. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, అయస్కాంత శక్తితో వైద్యం చేస్తానని చెప్పుకునే ఒకాయన ఉండేవాడు. ఆ భవనం ఊడ్చే మనిషికి ఏళ్ల క్రితం వంగి పనిచేస్తుంటే వీపులో ఏదో కలుక్కుమని, ఆనాటి నుంచీ వినపడలేదట. ఈయన వీపు తడిమి, పొడుచుకొచ్చిన పూసని చేత్తో నెట్టాడు, వినపడింది అన్నాడు. ఊడ్చే మనిషి కూతురు మాత్రం తర్వాత ఇంకోలా చెప్పిందట. వాళ్ల నాన్న ఎవరితోనో సరదా కబుర్లాడుతుంటే ఈయన వచ్చి పుస్తకంతో వీపు మీద చరిచాడని, అక్కడ మొదలైందని. ఏమైతేనేం, దాని మీద ఆయన పెద్ద సిద్ధాంతమే కట్టాడు. ఒంటికి పుట్టుకతోనే ఒక తెలివి ఉంటుంది, అది నరాల్లో ప్రవహిస్తుంది, పూస పక్కకి జరిగి నరాన్ని నొక్కితే ఆ ప్రవాహం ఆగి రోగం వస్తుంది. నూటికి తొంభై అయిదు రోగాలకి అదే కారణమన్నాడు. మందులొద్దు, కత్తులొద్దు, చేతులు చాలు. లైసెన్సు లేదని జైల్లో పెట్టినా మాట మార్చుకోలేదు. ఆయన మొండితనం నాకు నచ్చింది. నాకూ అది కాస్త ఉంది. కానీ వినికిడి నరం చెవి నుంచి నేరుగా మెదడులోకి పోతుంది, వెన్నులోంచి కాదు. అది బడి పుస్తకంలోనే ఉంది.

దారిలో వైహీలో బస్సు ఆగినప్పుడు, ఈ వైద్యం సంగతి డ్రైవర్ అంకుల్‌ని అడిగాను. ఆయన ఫిజీ నుంచి వచ్చిన మనిషి, తాతల తెలుగు నాలుగు ముక్కలు మిగిలాయి. నెలకోసారి నడుముకి కైరో దగ్గరికి వెళ్తాడట. "నడుం బాగైపోతాదమ్మా. బిల్లు చూడగానే మళ్లీ పట్టేస్తాది," అన్నాడు.

టౌరంగాలో దిగేసరికి పన్నెండు. వదిన ఇంట్లో అన్నం తిని క్లినిక్‌కి నడిచాం. పదిహేను మంది ఉంటారు. కైరోప్రాక్టర్ యాభై దాటిన, ఇక్కడే పుట్టి పెరిగిన కివీ ఆవిడ, చరిత్ర ఏదీ దాచకుండా చెప్పింది, జైలు సంగతితో సహా. ప్రశ్నలు అడగమంటే నేను లేచాను. ఆ మొదటాయన తర్వాత ఎంతమంది చెవిటివాళ్లకి వినపడిందో చెప్పమన్నాను. ముందు వరసలో ఎవరో నిట్టూర్చారు. నేను కూర్చోలేదు.

ఆవిడ కోపగించుకోలేదు. "నాకు తెలిసి నా దగ్గర ఒక్కరికీ లేదు. నేను నడుములూ మెడలూ చూస్తాను. చెవుల కోసం వస్తే చెవుల వాళ్ల దగ్గరికి పంపిస్తాను. మా వృత్తి ఆ కథతో మొదలైంది కాబట్టి గోడ మీద పెట్టాం," అంది.

వదిన నా వైపు చూసింది. ఆమెకి ఒక్క ముక్కా వినపడలేదు. చెవి దగ్గర చెప్పాను, మళ్లీ చెప్పాను. ఇక లాభం లేక, అంత నిశ్శబ్దమైన హాల్లో తెలుగులో అరిచాను: "చెవులు బాగుచెయ్యడం తన వల్ల కాదంటోంది వదినా."

అందరూ తిరిగి చూశారు. వదిన మొహం ఎర్రబడింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. చెవికి మిషన్ పెట్టుకుంటే లైన్ మీద పనిచేసే కుర్రపిల్లలు ముసలమ్మ అంటారని ఇన్నాళ్లకి నోరు విప్పింది. తర్వాత నా మీదే తిరగబడింది. "నీ కాలు మాత్రం పనిచెయ్యలేదా? జనగామలో మీ వీధంతా నీ చేత నడుం తొక్కించుకునేవాళ్లటగా?"

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అలా పుట్టినవాళ్లు తొక్కితే నడుం పట్టు వదులుతుందని మనవైపు నమ్మకం. చిన్నప్పుడు పెద్దవాళ్లు చాప మీద బోర్లా పడుకుంటే మెల్లిగా తొక్కేదాన్ని. తగ్గినవాళ్లు వీధంతా చెప్పేవాళ్లు. తగ్గనివాళ్లు ఊరుకునేవాళ్లు. నా పేరు అలాగే పెరిగింది. ఆ సంగతే వదిన చెవిలో అరిచి చెప్పాను.

ఆలోచించింది. "సరే. పరీక్షకి వస్తా. రాత్రికి నా నడుం తొక్కాలి మరి. రోజంతా నిలబడి చచ్చిపోతున్నా."

ఒప్పుకున్నాను.

మాల్‌లో ఉన్న చెవుల క్లినిక్‌లో పరీక్షకి ముప్పావుగంట పట్టింది. రెండు చెవుల నరాలూ బలహీనపడ్డాయి, మిషన్లతో పని జరుగుతుంది అన్నారు. చూడమని ఒక జత పెట్టారు. "ఇప్పుడెలా ఉంది వదినా?" అన్నాను, అలవాటు గొంతుతో. ఆమె ఉలిక్కిపడి చెవులు మూసుకుంది.

"ఎందుకే అట్లా అరుస్తావ్? పక్కనే ఉన్నాగా."

రిపోర్టు ఫోన్‌కే వచ్చింది, అక్కడి నుంచే సూపర్‌వైజర్‌కి పంపింది. మిషన్లు బిగించడానికి గురువారం రమ్మన్నారు. అవి పెట్టుకుని శుక్రవారం నుంచి పనికి రమ్మని సూపర్‌వైజర్ జవాబిచ్చింది.

వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ కైరోప్రాక్టర్ మీద నాకు గౌరవమే పెరిగింది. నడుం పట్టేస్తే నేనూ వెళ్తానేమో. కానీ ఒక వైద్యం ఎలా పుట్టిందన్న కథ మన రోగానికి మందుల చీటీ కాదు. ఎవరు నిట్టూర్చినా, అన్నయ్యలు నవ్వినా, లేచి అడగాల్సిందే. మీరు వెళ్తే ఒక్క ప్రశ్న ముందే రాసుకుని వెళ్లండి: "మీ వైద్యం దేనికి పనికిరాదు?" సూటిగా జవాబు చెప్పేవాళ్ల బల్ల మీదే పడుకోండి.

రాత్రి తొమ్మిదింటికి హాల్లో చాప పరిచి, వదిన నడుం ఒక పావుగంట తొక్కాను. బాకీ చెల్లు.