దగ్గితే నొప్పి తెలియదట!

పోయిన ఏడాది రాయదుర్గంలో మా ఆఫీసు పక్కనున్న ఆస్పత్రిలో పరీక్ష చేసి, గర్భసంచి ముఖద్వారం దగ్గర చిన్న ముక్క తీసి టెస్టుకు పంపాలన్నారు. "చీమ కుట్టినట్టు ఉంటుందంతే, అవ్వగానే ఆఫీసుకు వెళ్లిపోవచ్చు" అంది డాక్టరమ్మ. నమ్మి మధ్యాహ్నానికి మీటింగ్ కూడా పెట్టుకున్నాను.

బల్ల మీద పడుకున్నాక "గట్టిగా దగ్గండి" అంది. దగ్గుతుండగా ముక్క తీస్తే నొప్పి తెలియదట! దగ్గాను. ప్రాణం పోయినట్టయి కేక పెట్టాను.

"ఇద్దరు పిల్లల్ని కన్నరు, గీ దానికే గింత లొల్లా? బయటోళ్లు భయపడ్తరు" అని నర్సు కసిరింది.

"ఇంకొక్కటే, మళ్లీ దగ్గండి" అంది డాక్టరమ్మ.

అయ్యాక బల్ల దిగుతూ అడిగాను, "దీనికి మత్తు సూది ఉండదా డాక్టర్?"

"ఉంటుంది. అడిగితే ఇస్తాం. మీరు అడగలేదు కదా" అంది, చేతులు కడుక్కుంటూ.

ఒళ్లు మండిపోయింది. దగ్గమని చెప్పిన నోటికి, సూది ఉందని చెప్పడానికి ఏమొచ్చింది? తర్వాత రిపోర్టులో ఏమీ లేదని తేలింది కానీ, ఆ మంట ఇంకా చల్లారలేదు.

ఆ రోజు బయటికి రాగానే, నా తర్వాత అదే టెస్టుకు వెళ్లాల్సినామె కుర్చీలో బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంది. నర్సు వింటుండగానే చెప్పాను.

"అక్కా, లోపలికి పోంగనే మత్తు సూది అడుగు. ఇచ్చేదాకా దగ్గకు."