మూర్తి సార్ కిందికొచ్చి చెప్పిన వార్నింగ్

దయ్యాలు గియ్యాలు అంటే నాకు నవ్వొస్తది. మా వనపర్తి దిక్కు గట్లాంటి కథలు చెప్పేటోళ్లు మస్తు మంది. మా నాయిన మాత్రం "భయపడితే కరెంటు మోటర్‌కు భయపడు బిడ్డా, దయ్యానికి కాదు" అంటుండె. నేను గట్లనే పెరిగిన. ఇది చదివి మీరు నమ్మకున్నా నాకేం బాధ లేదు. నమ్మాల్నా వద్దా అని నేనే ఇంకా తేల్చుకోలే.

నాంపల్లిల ఒక ప్రైవేటు దవాఖానల కంప్యూటర్ల పని చూస్త. రెండో అంతస్తుల సర్వర్ రూం, దాని పక్కనే నా కుర్చీ. ఏసీల కూసుంటవ్, నీకేం ఫికర్ అంటరు అందరు. ఆ రోజు ఆ కుర్చీల కూసోనే ఒక బాలింత పానం మీదికి తెద్దును.

నాకు పని నేర్పింది మూర్తి సార్. గుంటూరు దిక్కు మనిషి, వాళ్ల నాయిన కాలంలనే హైదరాబాద్ వచ్చి ఉండిపోయిన్రు. నా మాట ఆయనకు తమాషా, ఆయన మాట నాకు తమాషా. ఆదివారం డ్యూటీ పడితే మధ్యాహ్నం ఆబిడ్స్ పోయి, ఫుట్‌పాత్ మీద పాత రేడియో రిపేరు పుస్తకాలు ఏరుకునేటోళ్లు. ఇంట్ల పెట్ట జాగ లేదని వాళ్లింటి మేడం తిడితే తెచ్చి నా టేబుల్ కింద దాచేటోళ్లు. కాళ్లు చాపుకునే వీలు లేకపోయేది నాకు. అయినా సార్ అంటే నాకు పానం.

మా పని గురించి జర చెప్పాలె. దవాఖానల ఒక్కో విభాగానికి ఒక్కో కంప్యూటర్ విడిగ ఉండదు. ఒక పెద్ద సర్వర్ లోపలనే సాఫ్ట్‌వేర్ తోని పది కంప్యూటర్లు ఉన్నట్టు చేస్తం. వాటినే వర్చువల్ మెషీన్లు అంటం. సర్వర్ పాతదైతే, అవి నడుస్తుండంగనే ఇంకో సర్వర్‌కు జరపొచ్చు. కిరాయి ఇల్లు మారినట్టే, కాకపోతే లోపలోళ్లకు మారినట్టు తెల్వది.

కొన్ని మాత్రం జరగవు. పాత సర్వర్ వెనకాల గుచ్చిన ఏదో వస్తువు మీద ఆధారపడి ఉంటయి. జరిపితే అది అక్కడ్నే ఉండిపోతది, మిషన్ ఆగిపోతది. అప్పుడు స్క్రీన్ మీద పసుపు రంగుల వార్నింగ్ వస్తది.

సార్‌కు ఆ వార్నింగ్ చాలదు. ఏ మిషన్ జరపాలన్నా ముందు మెట్లు దిగి, ఆ కౌంటర్ కాడికి తానే పోయి చెప్పొచ్చేటోళ్లు. "కంప్యూటర్ మనకి చెబుతుంది, వాళ్లకెవరు చెబుతారు? నువ్వు కూడా దిగి రా అమ్మలూ, కాళ్లేం అరిగిపోవు" అని నన్ను గుంజుకపోయేటోళ్లు. నేను గునుక్కుంట పోతుంటి.

పోయినేడు సార్ గుండెపోటుతోని పోయిన్రు. తర్వాత నేను కిందికి దిగుడు బంజేసిన. ఒళ్లు బరువైంది అనుకునేరు, కాదు. సార్ లేకుండ ఆ మెట్లు దిగబుద్ధి కాలే. వాట్సాప్ గ్రూప్‌ల ఒక మెసేజ్ పెట్టి పని కానిస్తుంటి.

ఆ రోజు ఆదివారం, పొద్దున పదకొండు దాటింది. పాత సర్వర్ తీసేసేదుండె. మెసేజ్ పెట్టిన. ఓపీ, ఫార్మసీ, ల్యాబ్ మిషన్లు ఒక్కొక్కటి జరిపిన. అన్ని మంచిగ పోయినయి. తర్వాత బ్లడ్ బ్యాంక్‌ది. చెక్ చేస్తే అంత పచ్చగనే ఉంది, వార్నింగ్ లేదు. బటన్ మీద మౌస్ పెట్టిన.

అప్పుడే ఇంటర్‌కామ్ మోగింది. కింద బ్లడ్ బ్యాంక్ నుంచి షబానా. రెండు నెలల కింద చేరిన టెక్నీషియన్.

"అక్కా, మీ సార్ వచ్చి చెప్పి పోయిన్రు. మా మిషన్ ఇప్పుడు జరపొద్దంట."

"ఏ సార్?"

"పేరు చెప్పలే. తెల్ల చొక్కా, జేబుల రెండు పెన్నులు. 'అమ్మలూ, మీ మిషన్ ఇప్పుడు రాదు, పైన మా పిల్లకి ఫోన్ చేసి చెప్పు' అన్నరు. అమ్మలూ అంటే ఏంది అక్కా?"

మౌస్ మీదికెల్లి చెయ్యి తీసేసిన. దవాఖానల ఆ మాట అనేది ఒక్కరే ఉండె.

ఏమైతే ఏమాయె అని సర్వర్ వెనకకు పోయి టార్చ్ కొట్టి చూసిన. పెన్‌డ్రైవ్ అంత తాళం ఒకటి గుచ్చి ఉంది. బ్లడ్ బ్యాంక్ సాఫ్ట్‌వేర్ దాని తోనే నడుస్తది. మరి వార్నింగ్ ఎందుకు రాలే? వెతికితే దొరికింది. ఊకె వచ్చి సతాయిస్తుందని నెల కింద నేనే "మళ్లీ చూపొద్దు" అని టిక్ పెట్టిన. పెట్టిన సంగతే మర్చిపోయిన. నన్ను నేనే తిట్టుకున్న, ఇక్కడ రాయలేని మాటలు.

అదే టైంకు పై అంతస్తుల ఆపరేషన్ థియేటర్‌ల ఒకామెకు కాన్పై, రక్తం ఆగుతలేదు. ఆమెది నెగెటివ్ గ్రూప్. షబానా అప్పుడే ఆమె కోసం బ్యాగులు వెతికి, మ్యాచ్ చేసి, లేబుళ్లు తీస్తుంది. నేను ఆ బటన్ నొక్కి ఉంటే అంత మధ్యల ఆగుతుండె. రిజిస్టర్లు తిప్పి చేతితోని చేసుకోవాలంటే అరగంట పడుతుండె, అంత టైం ఆమెకు లేకుండె అని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. తల్లి, బిడ్డ ఇద్దరు బాగున్నరు.

నా మెసేజ్ చూసి షబానా ఫోన్ చేసిందేమో అని అడిగిన. చూడలే. లోపలికి ఫోన్లు తీసుకపోనియ్యరు, ఆమెది లాకర్ల ఉండె. ఆ తాళం సంగతి ఆమెకు తెల్వనే తెల్వదు, నాకే యాదికి లేదాయె.

సెక్యూరిటీ యాదగిరన్నను బతిలాడి కెమెరా చూసిన. బ్లడ్ బ్యాంక్ లోపలి కెమెరాల షబానా తల ఎత్తుతది, పెద్దమనిషి వస్తే లేచినట్టు లేస్తది, తల ఊపుతది, నవ్వుతది, ఇంటర్‌కామ్ ఎత్తుతది. ఆమె ఎదురుంగ నిలబడేటోళ్లు ఆ కెమెరాకు స్తంభం చాటున పడతరు, కనబడరు. సరే అని బయట కారిడార్‌ది చూస్తే, ఆ పావుగంటల ఊడ్చే అమ్మ తప్ప ఎవ్వరు నడవలే. ఆ గదికి ఇంకో తలుపు లేదు. యాదగిరన్న నా దిక్కు చూసి, "చాయ్ తాగుదాం పా చెల్లె" అన్నడు, అంతే.

సాయంత్రం షబానాకు నా ఫోన్‌ల స్టాఫ్ ఫొటో ఒకటి చూపెట్టిన, పన్నెండు మంది ఉన్నది. ఏం చెప్పకుండనే సార్ మీద వేలు పెట్టింది. "ఔ, ఈ సారే. మంచిగ మాట్లాడిన్రు. మళ్ల ఎప్పుడు డ్యూటీ?" అన్నది. లీవ్‌ల ఉన్నరు అని చెప్పిన. ఆ పిల్లకు ఇప్పటికి నిజం చెప్పలే.

ఇది ఎట్లయిందో నాకు తెల్వదు. ఎన్ని తీర్ల ఆలోచించినా లెక్క కుదుర్తలేదు. భయమైతే అస్సలు కాలే. కోపం వచ్చింది నాకు, ఇప్పటికి ఉంది. బ్లడ్ బ్యాంక్ దాకా వచ్చిన మనిషి ఇంకో రెండు అంతస్తులు ఎక్కలేకపోయిన్రా? వచ్చి నన్నే తిట్టకపోయిన్రా? ఎనిమిదేండ్లు పక్క కుర్చీల కూసున్న, ఏనాడు నన్ను "మా పిల్ల" అనలే. ఎవరో కొత్త పిల్ల తోని అన్నరు. నా ముందట ఒక్కసారి అనుంటే ఏం పోతుండె సారూ?